పిల్లలకి పేరు ఎలా పెట్టాలి: జన్మాక్షరం, ఇలవేల్పు, తాతగారి పేరు, బర్త్ సర్టిఫికెట్ అన్నీ కుదిరేలా

"ఉత్తరాభాద్ర నాలుగో పాదం, 'థ' వచ్చింది. ఏం పెట్టమంటారు?"
"మా నాన్నగారి పేరు వెంకటసుబ్బయ్య. ఆ పేరు నిలబెట్టాలని అమ్మ, వద్దే వద్దని మా ఆవిడ. ఎలా?"

పిల్లల పేర్ల గురించి అడిగేవాళ్ళు తిప్పి తిప్పి ఈ రెండే అడుగుతారు. ఇక్కడ రాసింది ఎక్కువగా తెలుగు హిందూ కుటుంబాల పద్ధతి. క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకి తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

ముందు ఒక్క మాట. మన పెద్దవాళ్ళు ఒక్క పేరుతో ఎప్పుడూ సరిపెట్టుకోలేదు. జాతకానికి జన్మనామం, ఊళ్ళో వ్యవహార నామం, ఇంట్లో బుజ్జో చిన్నీయో ఒక ముద్దుపేరు. నక్షత్రం, దేవుడు, తాత, అమ్మమ్మ, ఫ్యాషన్ అన్నిటినీ సర్టిఫికెట్‌లోని ఒక్క గడిలో ఇరికించాలనుకుంటేనే టెన్షన్ మొదలవుతుంది. ఏ బాధ్యత ఏ పేరుకి ఇవ్వాలో పంచేసుకుంటే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

కావలసినవి

- పుట్టిన తేదీ, సమయం, ఊరు. సమయం ఆస్పత్రి కాగితం మీద ఉన్నదే తీసుకోండి, బయట వరండాలో కూర్చున్నవాళ్ళు చెప్పింది కాదు.
- పంచాంగం, లేదా మీ ఇంటికి వచ్చే పురోహితుడి ఫోన్ నంబరు.
- రెండు వైపులా మూడు తరాల పేర్లు, ఆడవాళ్ళవి కూడా.
- ఇలవేల్పు ఎవరు, కడుపుతో ఉన్నప్పుడు ఎవరికైనా మొక్కుకున్నారా అన్న సమాచారం.
- అమ్మానాన్నల పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి మెమో. ఇంటిపేరు స్పెల్లింగు చూసుకోవడానికి.

1. గడువు ఎంతుందో తెలుసుకోండి

మన దేశంలో జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలి. ఆస్పత్రిలో పుడితే వాళ్ళే పంపిస్తారు. పేరు గడి అప్పటికి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంది. కాబట్టి డిశ్చార్జి రోజు నర్సు ఫారం పట్టుకొచ్చి "పేరేంటి?" అన్నదని కంగారుపడి ఏదో ఒకటి రాసేయకండి. తర్వాత చేర్చడం తేలిక, రాసిందాన్ని మార్చడం కష్టం.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి చాలా పనుల్లో పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. మిగతా కాగితాలన్నీ దాని వెంటే నడుస్తాయి. వెనకటిలా "బడిలో చేర్పించేటప్పుడు చూద్దాంలే" అంటే కుదరదు.

విదేశాల్లో ఉంటే లెక్క వేరు. అమెరికాలో ఇంటికి పంపేలోపే ఫారం నింపమంటారు, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా దాంతోనే అడుగుతారు. ఇంగ్లండ్‌లో 42 రోజులు ఇస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు పదకొండో రోజు నామకరణం దాకా ఆగలేరు కాబట్టి రికార్డు పేరు ముందే ఖాయం చేసుకుని, జన్మనామం విడిగా పెట్టుకోవడం మేలు.

2. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో ముందే తేల్చండి

పేరు గురించి కాదు, అధికారం గురించే ఇళ్ళలో గొడవలు. ప్రసవానికి ముందే ఒక ఒప్పందానికి రండి. నాకు తెలిసి బాగా నడిచేది ఇది: జన్మనామం పురోహితుడు, నాన్నవైపు పెద్దలు చూసుకుంటారు. ముద్దుపేరు అమ్మమ్మ, తాతయ్యల ఇష్టం. రికార్డు పేరు మాత్రం అమ్మానాన్నలది. పెద్దవాళ్ళు అందులో పేర్లు సూచించవచ్చు, పట్టుబట్టకూడదు.

బంధువుల వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టకండి. ఎవరి పేరు ఓడిపోతే వాళ్ళు బారసాలకి ముభావంగా వస్తారు.

3. జన్మాక్షరం చూడండి, దానికి బందీ కాకండి

ఒక్కో నక్షత్రానికి నాలుగు పాదాలు, ఒక్కో పాదానికి ఒక అక్షరం. బిడ్డ పుట్టిన పాదానికి వచ్చే అక్షరమే జన్మాక్షరం, పేరు దాంతో మొదలవ్వాలంటారు. అశ్వినికి చు, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకి మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. అనూరాధకి నా, నీ, నూ, నే. మిగతావి ఏ గంటల పంచాంగంలోనైనా పట్టికగా దొరుకుతాయి.

చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది, అంటే పాదానికి ఆరు గంటలు అటూఇటూ. పాదం మారే వేళకి కొద్ది నిమిషాల తేడాలో పుడితే దృక్ పంచాంగం ఒకటి, పూర్వ పద్ధతి పంచాంగం ఇంకొకటి చెప్పవచ్చు. అప్పుడు మీ ఇంట్లో వాడే పద్ధతి ఏదో పురోహితుణ్ణి అడిగి అదే పట్టుకోండి. నాలుగు యాప్‌లు చూసి నాలుగు అక్షరాలు తెచ్చుకోవద్దు.

విదేశాల్లో పుట్టిన పిల్లలకి తెలుగు క్యాలెండర్లో ఆ తేదీ తెరిచి నక్షత్రం చూసేస్తారు. అందులో వేళలు మన దేశ కాలమానంలో ఉంటాయి. డల్లాస్‌లో రాత్రి పుట్టిన పాపకి ఇక్కడ తెల్లారిపోయి తేదీ మారి ఉంటుంది. పుట్టిన ఊరు, అక్కడి సమయం ఇచ్చే లెక్క వేయించండి. వేసవిలో గంట ముందుకు జరిపే పద్ధతి ఉన్న దేశమైతే ఆ సంగతి కూడా చెప్పండి.

ఇక పలకని అక్షరాల సంగతి. ఆర్ద్రకి కు, ఘ, ఙ, ఛ. హస్తకి పూ, షం, ణ, ఠ. ఉత్తరాభాద్రకి దు, శం, ఝ, థ. 'ఙ'తో పేరు ఎవరూ పెట్టలేరు. దీనికి మూడు దారులున్నాయి:

- అదే నక్షత్రంలో వేరే పాదం అక్షరం తీసుకోవడం. ఉత్తరాభాద్ర అయితే 'దు'తో దుర్గ, 'శం'తో శంకర్, శంభు. హస్త అయితే పూర్ణ, పూజిత. చాలామంది పురోహితులు ఒప్పుకునేది ఇదే.
- ఆ అక్షరంతో జన్మనామం పెట్టి, దాన్ని నామకరణం రోజు బియ్యంలో రాసి, జాతకంలో ఉంచేసి, రికార్డుకి నచ్చిన పేరు పెట్టుకోవడం.
- అక్షరం పట్టింపే వదిలి నేరుగా ఇలవేల్పు పేరు పెట్టడం. చాలా ఇళ్ళలో ముందు నుంచీ ఉన్న ఆచారం నిజానికి ఇదే. వరసగా మనవలందరికీ వెంకట అని పెట్టినవాళ్ళు పాదాలు చూసి పెట్టలేదు.

హ్రస్వ, దీర్ఘాల తేడా పెద్దగా పట్టించుకోరు: 'నా' వస్తే నవీన్ అన్నా నాగేంద్ర అన్నా సరే. ప్ర, త్రి లాంటి సంయుక్తాక్షరాల్లో మొదటి హల్లునే లెక్కలోకి తీసుకుంటారు.

4. రెండు వైపుల పేర్లూ సేకరించండి

మగవాళ్ళ పేర్లు పట్టాదారు పాసు పుస్తకంలోనో పాత దస్తావేజుల్లోనో దొరుకుతాయి. ఆడవాళ్ళవే కష్టం. ముత్తవ్వ పేరు అడిగితే "అందరూ పెద్దమ్మ అనేవాళ్ళం, పేరు గుర్తులేదు" అంటారు. తద్దినాలు పెట్టే ఇళ్ళలో ఒక సులువుంది: అక్కడ మూడు తరాల పేర్లు, నాన్నమ్మ, ముత్తవ్వలతో సహా, చెప్పాలి కాబట్టి ఎక్కడో ఒక నోట్‌బుక్కులో రాసే ఉంటాయి. లేకపోతే పాత శుభలేఖలు వెతకండి. ఇంట్లో అందరికన్నా పెద్దావిడని కూర్చోబెట్టి అడగండి, ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఆ పేర్లు చూస్తే మీ ఇలవేల్పు ఎవరో తెలిసిపోతుంది. అప్పలనరసయ్య, సింహాచలం ఉంటే సింహాద్రి అప్పన్న. కొమురయ్య, మల్లయ్య ఉంటే కొమురవెల్లి మల్లన్న. రాజేశం, రాజమ్మ ఉంటే వేములవాడ రాజన్న. ఓబులేసు, ఓబులమ్మ అంటే అహోబిలం. కోటయ్య, కోటేశ్వరమ్మ అంటే కోటప్పకొండ. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. తిరుపతమ్మ అని ఉంటే పెనుగంచిప్రోలు వైపు అడగండి. గుంటూరు, నెల్లూరు వైపు హిందువుల ఇళ్ళలో మస్తాన్‌రావు, మస్తానమ్మ కనిపిస్తారు. దర్గాకి మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్ళు. దాన్ని దాచాల్సిన పనేం లేదు, అదీ మీ వంశ చరిత్రే.

క్రైస్తవ కుటుంబాల్లో రెండు పొరలుంటాయి: యోహాను, రూతు, ఎస్తేరు లాంటి బైబిలు పేర్లు, దయామణి, సువార్తమ్మ, జీవరత్నం లాంటి అచ్చంగా మన నేల మీద పుట్టిన పేర్లు. ఇంగ్లీషు జాన్ కన్నా తాతగారి యోహాను మీ ఇంటిని ఎక్కువ చూపిస్తుంది. ముస్లిం కుటుంబాల్లో ఏడో రోజు అఖీఖా నాటికి పేరు ఖాయం చేసుకోవడం ఆనవాయితీ. అబ్దుల్ రహ్మాన్ లాంటి పేర్లని రెండుగా విరవకూడదు. అబ్ద్ అంటే దాసుడు, రహ్మాన్ అల్లాహ్ నామం. అందుకని బడిలో పిలుపు ఏమిటో కూడా ముందే అనుకోండి.

5. పాత పేరుని పిల్లకి సరిపడేలా మలచండి

వెంకటసుబ్బయ్య ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పెద్దల పేరు నిలబెట్టడానికి దాన్ని ఉన్నదున్నట్టు దించనక్కర్లేదు. ఈ వరసలో ప్రయత్నించండి:

మొదట, పేరు అలాగే పనికొస్తుందేమో చూడండి. అనసూయ, అన్నపూర్ణ, రాఘవ, సీత: వీటికి ఏ మరమ్మతూ అక్కర్లేదు. చివరి 'అమ్మ', 'అయ్య' తీసేస్తే చాలు. భ్రమరాంబని భ్రమర అనవచ్చు.

కుదరకపోతే అదే దేవుడి ఇంకో పేరు. సుబ్బయ్య అంటే సుబ్రహ్మణ్యుడు. కాబట్టి కార్తికేయ, స్కంద, షణ్ముఖ, గుహ ఏదైనా తాతగారి పేరే. తాయారమ్మ అంటే లక్ష్మి, కనుక పద్మ, శ్రియ. ఆండాళమ్మకి గోద.

లేదా అదే అర్థం. పైడమ్మ, బంగారమ్మ ఉన్న ఇంట్లో స్వర్ణ, హిరణ్మయి.

నాలుగోది ఎవరికీ తట్టదు: పేరు వెనకున్న కోరిక. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాడికి దిష్టి తగలకుండా పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవాళ్ళు. ఆ ముత్తాత పేరు ఇప్పుడు పెట్టలేమని సిగ్గుపడతారు. ఆ పేరు పెట్టిన తల్లి అడిగింది ఒక్కటే, బిడ్డ బతకాలని. ఆయుష్ అనో చిరాయు అనో పెడితే ఆయన పేరు నిలిచినట్టే.

ఇవేవీ కాకపోతే మొదటి అక్షరం కలపండి. ఇది అన్నిటికన్నా బలహీనమైన దారి, తాతగారికి మీరు చెబితే తప్ప తెలియదు.

ఒక జాగ్రత్త. బతికున్న పెద్దల పేరు పెట్టడం కొన్ని ఇళ్ళలో గౌరవం, కొన్ని ఇళ్ళలో నిషేధం. అడగకుండా ముందుకెళ్ళకండి. అలాగే మామగారి పేరు పలకని కోడళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇంట్లో మనవడికి తాత పేరు పెడితే వాణ్ణి జీవితాంతం 'అబ్బాయి' అనే పిలుస్తారు. ముద్దుపేరు సిద్ధంగా ఉంచుకోండి.

6. అర్థం నిఘంటువులో చూడండి

పేర్ల వెబ్‌సైట్లు ప్రతి పేరుకీ 'విష్ణువు అంశ', 'దేవుడి కానుక' అని రాసేస్తాయి. నమ్మకండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో ఆ మాట కొట్టి చూడండి. దొరక్కపోతే రెండుగా విడదీసి చూడండి. చివర 'అంశ్' ఉన్న పేర్లలో అంశ అంటే భాగం, బాగానే ఉంది. దేని భాగం? 'రేయాంశ్'లో మొదటి సగం వెతికితే తెలుగులో దగ్గరగా దొరికేది రేయి, అంటే రాత్రి. మీకు అదీ ఇష్టమే అయితే సరే, కానీ విష్ణువు మాత్రం అందులో లేడు. అనామిక వినడానికి బాగుంటుంది. 'పేరు లేనిది' అని అర్థం, ఉంగరపు వేలుకీ అదే మాట.

సహస్రనామాల నుంచి తీసుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త. విష్ణు సహస్రనామంలో 'అనర్థః' అనే నామం ఉంది. ఏదీ కోరుకోవాల్సిన పనిలేనివాడని స్వామికి చక్కగా సరిపోతుంది. మీ అబ్బాయికి పెడితే తెలుగు మాస్టారు మొదటి రోజే నవ్వుతాడు. శ్లోకంలో సంధి కలిసి ఉంటుంది కాబట్టి నామావళిలోంచే పేరు తీసుకోండి. శ్లోకం చూసి మధ్యలో కత్తిరిస్తే 'అ' అటో ఇటో పోయి అర్థం తిరగబడుతుంది.

7. ఇంటిపేరుతో కలిపి గట్టిగా పిలవండి

మన ఇంటిపేరు ముందొస్తుంది. విడిగా అందంగా ఉన్న పేరు దాని పక్కన చేరగానే రంగు మారుతుంది. పప్పు వారింట చారులత పుడితే, పులి వారి పాప హారిక అయితే, పదేళ్ళ పాటు బడిలో ఏం వినాలో ఊహించుకోండి. పేరు ఎంచుకున్నాక మేడ మీద నుంచి వీధిలోకి కేకేసి పిలవండి. మూడోసారికి ఎలా కుదించుకుపోతుందో చూడండి, పిల్లకి నిలిచే పేరు అదే.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కూడా చదవండి. హర్షిత్, రక్షిత్, ఆశిత్ లాంటి పేర్ల చివర ఇంగ్లీషులో ఒక బూతు మాట దాక్కుని ఉంటుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, విదేశాల్లో పెరిగే పిల్లవాడు మాత్రం ఇబ్బంది పడతాడు.

8. స్పెల్లింగు ఒకటే, అన్నిచోట్లా అదే

మనం 'త'కి టి తర్వాత హెచ్ పెడతాం. ఉత్తరాదికి వెళ్తే దాన్ని 'థ' అని చదువుతారు. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, పెడితే అన్ని కాగితాల్లోనూ పెట్టండి. సంఖ్యాశాస్త్రం ప్రకారం చివర ఇంకో 'ఎ' తగిలించమనేవాళ్ళు ఉంటారు. నన్నడిగితే వద్దు. ఆ అదనపు అక్షరాన్ని పిల్ల ప్రతి కౌంటర్ దగ్గరా విడమరిచి చెప్పుకోవాలి.

వెంకట సత్యసాయి లక్ష్మీ నరసింహ కార్తికేయ అని దేవుళ్ళందరినీ కూర్చోబెట్టకండి. రికార్డుకి ఒకటి, మహా అయితే రెండు పదాలు. మిగతావి సంకల్పంలో చెప్పుకోవచ్చు, పుణ్యం తగ్గదు.

ఇంటిపేరు పొడి అక్షరంగా వదలకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని పడుతుంది. షేక్‌ని ఎస్.కె. అని, మొహమ్మద్‌ని ఎండీ అని కుదించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పిల్లల కాగితాల్లో పూర్తిగా రాయించండి. నాన్న మెమోలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటే పాస్‌పోర్టుదే పట్టుకోండి.

9. బారసాల, తర్వాత నమోదు

పురుడు వెళ్ళాక పదకొండో రోజు నామకరణం, 21వ రోజు బారసాల. కొన్ని ఇళ్ళలో రెండూ ఒకేరోజు కానిస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి, నాన్న బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. ఇక్కడ జన్మనామం, వ్యవహార నామం రెండూ రాయమని పురోహితుడికి ముందే చెప్పండి. లేకపోతే ఆయన ఒక్కటే రాయించి లేస్తాడు, అమ్మమ్మ అలుగుతుంది. పేర్లని కాగితం మీద తెలుగులో స్పష్టంగా రాసి చేతికివ్వండి. క్రైస్తవులైతే బాప్తిస్మ రిజిస్టరులోనూ సర్టిఫికెట్ స్పెల్లింగే రాయించండి.

తరచూ జరిగే పొరపాట్లు

- కవలలకి ఒకే అక్షరంతో, ఒకే పొడి అక్షరాలతో పేర్లు పెట్టడం. రమ్య, రమ అంటే వినడానికి ముచ్చట, ఆస్పత్రి చీటీల్లో తికమక.
- రెండో బిడ్డకి పేర్లు మిగలకపోవడం. మొదటి బిడ్డకే నలుగురు తాతమ్మల పేర్లూ వాడేయకండి.
- అమ్మవైపు పేర్లు అసలు చూడకపోవడం.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోండి

ఖాయం చేసే ముందు పేరుని మూడు చోట్ల పరీక్షించండి. ఇంట్లో పెద్దావిడ తడుముకోకుండా పలకాలి. తెలుగు రాని స్నేహితుడు రాసింది చూసి దాదాపు సరిగ్గా చదవాలి. ఆ పేరు ఎందుకు పెట్టారో బిడ్డకి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: "మీ ముత్తవ్వ పైడమ్మ, పైడి అంటే బంగారం, అందుకే హిరణ్మయి" అన్నట్టు. ఆ వాక్యం రాకపోతే ఇంకా వెతకాలి.

మీసేవలోనో సచివాలయంలోనో పేరు చేర్పించాక, కౌంటర్ దగ్గరే స్క్రీన్ మీద చూపించమనండి. తెలుగులో, ఇంగ్లీషులో రెండూ ఒక్కో అక్షరం చదవండి. అమ్మానాన్నల పేర్లు కూడా. టైపు చేసే అమ్మాయి తెలుగులో 'శ'కి 'ష' కొట్టడం మామూలే. అప్పుడే చెబితే నిమిషంలో పని. ఇంటికెళ్ళాక కనిపిస్తే సవరణ దరఖాస్తు, ధ్రువపత్రాలు, మళ్ళీ క్యూ. ప్రింటు తీసుకుని, పీడీఎఫ్ కూడా దాచుకుని, ఆ తర్వాతే ఆధార్‌కి వెళ్ళండి.